ఛాతీ కొలత ముప్పై ఎనిమిది

కాజీపల్లి,
19 మే 2024.

హరినాథ్ మామయ్యకు, నీ మేనల్లుడు వెంకట సాయి రాస్తున్నది.

బస్సెక్కితే గంటలో వచ్చే దూరంలో ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. ఉగాది నాడు మీ ఇంట్లో పులిహోర చల్లారిపోయేదాకా మనం పోట్లాడుకున్నాక, "ఇకమీదట నాతో ఏం చెప్పాలన్నా రాసి పంపు, ఫోన్ చెయ్యకు" అని గుమ్మంలో నిలబడి అరిచింది నువ్వే. నువ్వు కోపంలో అన్నావు గానీ నాకు మాత్రం అది మంచి ఏర్పాటనిపించింది. ఫోన్‌లో నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వవు. కాగితం మీద అడ్డం రాలేవు. మా షిఫ్టు బస్సు నడిపే యాదన్న మీ వీధిలోనే ఉంటాడు కాబట్టి స్టాంపు దండగ కూడా లేదు.

ఇక విషయం. కంపెనీ రికార్డుల సెక్షన్‌లో ఆ పర్మినెంటు పోస్టుకు అప్లికేషన్ పెట్టాను. నువ్వు వద్దన్నదే. ఆగస్టు ఇరవై నాలుగున సిటీలోని హెడ్డాఫీసులో ఇంటర్వ్యూ. "ఫార్మల్స్‌లో రావాలి" అని నోటీసులో వేశారు. మా సూపర్‌వైజర్ నర్సింగ్ అన్నను అడిగితే, "ఫార్మల్స్ అంటే కోటు తమ్మీ. నిరుడు ఉత్త అంగీ మీద పోయినోళ్ళను కుర్సీల కూసోమని గూడ అనలే" అన్నాడు. నా దగ్గర అయిదు వేలున్నాయి. కోటు, ప్యాంటు, చొక్కా అన్నీ అందులోనే రావాలి. పుట్టి ఇరవై తొమ్మిదేళ్ళయినా కోటు తొడిగి ఎరగను. ఒంటికి సరిపోయేదాన్ని ఎలా ఎంచుకోవాలో తెలీదు. తాతయ్య దగ్గర కత్తెర పట్టినవాడివి నువ్వొక్కడివే మిగిలావు. తిట్టి అయినా సరే, చెప్పు.

ఈ పోస్టు నాకు చాలా అవసరం మామయ్యా. ఎందుకని అడగకు.

అత్తయ్యకు నమస్కారాలు. ఆవకాయ పంపితే వద్దనను.

వెంకట సాయి

●

సంగారెడ్డి,
24 మే 2024.

ఒరేయ్ సాయీ,

తిట్టి అయినా సరే అన్నావు కాబట్టి ముందు ఆ పని కానిస్తాను.

నలభై మూడు డిగ్రీల ఎండలో కోటు! ఎవడి దేశపు చలికి ఎవడు కుట్టించుకున్న బట్టరా అది? మందు పొడి నూరే మిల్లింగ్ బ్లాకులో ఆరేళ్ళుగా రోజుకు పన్నెండు గంటలు నిలబడ్డావు. ఒక్కడైనా నిన్ను ఫార్మల్స్ అడిగాడా? చేతులు చూశారు, చాలనుకున్నారు. అదే చేతులు ఫ్యాను కింద కూర్చుని రిజిస్టరు రాస్తానంటే మాత్రం వాటికి కోటు చేతులు తొడగాలి. అంటే ఆ కోటు పనికి సంబంధించింది కాదు. ఇక నేను మీవాణ్ణని నువ్వు వాళ్ళకు రాసిచ్చే పత్రం. మీ బ్లాకులో కాంట్రాక్టు మీద ఉన్న అరవై మందీ కలిసి పర్మినెంటు అడగాల్సిన చోట నువ్వొక్కడివే గోడ దూకుతున్నావు. ఉగాది నాడు అన్న మాటే మళ్ళీ అంటున్నాను. నాకు సిగ్గేసింది.

మీ తాతయ్య నరసింహమూర్తి తణుకు నుంచి వచ్చి ఇక్కడి సర్కారీ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు యూనిఫాంలు కుట్టాడు. ఆ కథ నీకు నూరుసార్లు చెప్పాను, నూటొకటోసారి విను. ఏటా విశ్వకర్మ పూజకు ముందు కార్మికులంతా కుట్టు సెక్షన్ ముందు వరసకట్టేవాళ్ళు. ఒక్కొక్కడికీ ఒక అట్ట కార్డు. భుజం, ఛాతీ, నడుము, పొడుగు. పక్కన పోయినేటి కొలత. ఎవడికైనా ఛాతీ ఒక అంగుళానికి మించి తగ్గితే మీ తాతయ్య కత్తెర ముట్టేవాడు కాదు. ఆ కార్డు చిల్లులో ఎర్రదారం ముడేసి మనిషి చేతికిచ్చి, "ముందు డిస్పెన్సరీకి వెళ్ళిరా, తర్వాత నీ చొక్కా" అనేవాడు. డాక్టరు సంతకం పడిన కార్డు తిరిగి వస్తేనే గుడ్డ కోసేవాడు. చదువు లేని దర్జీ! అలా ఎంతమంది జబ్బు ముందుగా దొరికిందో లెక్కలేదు.

మరి మీ కంపెనీలో? స్మాలు, మీడియం, లార్జి. మూడు మూటలు తెచ్చి గేటు దగ్గర విసురుతారు. మనిషి ఎంత అరిగినా లార్జి నుంచి మీడియానికి జారతాడు, అంతే. కొలవనివాడికి జవాబుదారీ ఉండదు. వాళ్ళు టేపు కొనకపోవడం పిసినారితనం కాదురా, తెలివి.

సరే. దర్జీ కొడుకుని కాబట్టి చెప్పకుండా ఉండలేను. భుజం చూసి కొను. భుజం కుట్టు నీ భుజం ఎముక అంచున ఆగాలి. అక్కడ వేలితో నొక్కు. ఎముక తగిలితే నీది, దూది తగిలితే ఇంకొకడిది. నడుము వదులైతే నేను తీస్తాను, చేతులు పొడుగైతే మడుస్తాను. భుజం తప్పితే మాత్రం దేవుడి వల్ల కూడా కాదు, వాడంటూ ఉంటే. మెరిసే గుడ్డ వద్దు. ముదురు నీలం గానీ బొగ్గు రంగు గానీ చూడు. గుప్పిట్లో నలిపి వదిలితే మడతలు వాటంతటవే విప్పుకోవాలి. గుండీ పెట్టుకుని కూర్చుని చూడు. అన్నిటికంటే ముఖ్యం, లోపలివైపు తిప్పి కుట్టు పక్కన అంగుళం గుడ్డ వదిలారో లేదో చూడు. వదలని కోటు ఉన్నదున్నట్టే చస్తుంది. వదిలినది మనిషితోపాటు మారుతుంది.

కొలతలు పంపు. ఆవకాయ జాడీ యాదన్నకిచ్చాను.

కోపం తగ్గని,
హరినాథ్ మామయ్య

●

కాజీపల్లి,
16 జూన్ 2024.

మామయ్యా,

ఆవకాయ రాహిల్ సగం తినేశాడు. రాహిల్ అంటే నా రూమ్మేటు, మా బ్లాకులో తూకం గదిలో చేస్తాడు. "మీ అత్తకు సలామ్ చెప్పు భాయ్, మా అమ్మీకి గూడ గిట్ల రాదు" అన్నాడు.

ఇద్దరం పటాన్‌చెరు వెళ్ళాం. ముందు పెద్ద షోరూముకు. అక్కడి కుర్రాడు నాకొక నల్లకోటు తొడిగి, గుండీ పడకపోతే, "సార్, స్లిమ్ ఫిట్టు సార్. ఊపిరి జెర పట్టుకుంటే వడ్తది" అన్నాడు. "ఇంటర్వ్యూ అరగంట ఉంటది, అంతసేపు పట్టుకోవాల్నా?" అని రాహిల్ అడిగాడు. ధర ఎనిమిది వేలు. బయటికొచ్చేశాం.

అప్పుడు రాహిల్ నన్ను సంత సందులో తాజ్ మొహమ్మద్ చాచా దుకాణానికి తీసుకెళ్ళాడు. పెళ్ళికొడుకులకు సూట్లు కిరాయికిస్తాడు. పాతబడినవి అమ్మేస్తాడు. నువ్వు చెప్పినట్టే భుజం నొక్కి, గుప్పిట్లో నలిపి, లోపలికి తిప్పి చూస్తుంటే చాచా కళ్ళద్దాల పైనుంచి చూసి, "ఏం బేటా, కోటు కొంటున్నవా, కోడిపిల్లను కొంటున్నవా?" అన్నాడు. ముదురు నీలం ఒకటి దొరికింది. భుజం అచ్చంగా ఎముక మీద ఆగింది. లోపల అంగుళం పైనే గుడ్డ ఉంది. "పదకొండు షాదీలు జూసింది గిది. ఒక్క దుల్హా గూడ మల్ల వాపస్ రాలే, కోటొక్కటే వచ్చింది" అన్నాడు. ప్యాంటుతో కలిపి రెండు వేల నాలుగు వందలు. మిగిలిన దాంట్లో తెల్ల చొక్కా వచ్చేసింది.

నీ కూతురి కోసం వరుణ్ణి వెతికినంత జాగ్రత్తగా వెతికాను, నీకు కూతురు లేదు గానీ.

రాహిల్ టేపు పట్టి కొలిచాడు. భుజం పదిహేడున్నర. ఛాతీ ముప్పై ఎనిమిది. నడుము ముప్పై మూడు. కోటు ఛాతీ దగ్గర రెండు వేళ్ళు వదులుంది.

సిగ్గేసిందని రాశావు. అది చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. అయినా సరే.

సాయి

●

సంగారెడ్డి,
23 జూన్ 2024.

సాయీ,

కిరాయి కోటు కొన్నావంటే నీలో ఇంకా కొంచెం బుద్ధి మిగిలిందన్నమాట. పదకొండు మంది పెళ్ళికొడుకులు వేసుకున్నది పన్నెండోవాడు ఉద్యోగానికి వేసుకుంటున్నాడు. షోరూముల వాళ్ళకంటే ఆ ముసలాయనే నయం, కోటు చరిత్ర చెప్పి అమ్మాడు.

ఆదివారం కోటు తీసుకుని ఇంటికి రా. ఒంటి మీద వేసి గుండుసూదులు పెట్టాలి. దర్జీ మనిషిని చూడకుండా కుట్టడం, డాక్టరు నాడి పట్టకుండా మందివ్వడం ఒకటే. వాదించను. అంటే, ఎక్కువ వాదించను. అత్తయ్య దుర్గాదేవి నీకోసం గోంగూర పప్పు చేస్తానంటోంది.

రెండు రోజులు అన్నం తినలేదని రాశావు. ఆ డ్రామాలు నా దగ్గర వద్దు.

మామయ్య

●

కాజీపల్లి,
21 జూలై 2024.

మామయ్యా,

నెల రోజులుగా ఒక్క ఆదివారం కూడా సెలవు లేదు. ఇద్దరు మానేశారు, వాళ్ళ పని మా మీద పడింది. అందుకే కోటూ ప్యాంటూ యాదన్న చేత పంపిస్తున్నాను. గుండుసూదులు అక్కర్లేకుండా కొలతలు మళ్ళీ తీశాం. భుజం అదే పదిహేడున్నర. ఛాతీ ముప్పై ఆరున్నర. నడుము ముప్పై ఒకటి. పొరపాటేమోనని రాహిల్ రెండోసారి కూడా కొలిచాడు. అంతే వచ్చింది. ఈ లెక్కకే కుట్టు.

మెస్ తిండి బాగోలేదు. అంతకంటే ఏం లేదు.

నిన్ను చూడాలని ఉంది. ఇంటర్వ్యూ అయ్యాక వస్తాను.

సాయి

●

సంగారెడ్డి,
4 ఆగస్టు 2024.

సాయీ,

ఒక నెలలో ఛాతీ అంగుళంన్నర, నడుము రెండంగుళాలు! ఇది కొలతా, చిట్‌ఫండా? మీ రాహిల్‌కు తూకం తెలుసేమో గానీ టేపు తెలీదు. గుడ్డ టేపు పాతబడితే సాగుతుంది, సాగిన టేపు తక్కువ చూపిస్తుంది. ఈమాత్రం తెలీదా? కొలిచేటప్పుడు నువ్వు కడుపు లోపలికి పీల్చుకుని ఉంటావు. షోరూము కుర్రాడు నేర్పాడుగా. లేదంటే ఆ హెడ్డాఫీసు దొరల్లా సన్నగా కనబడాలని తిండి మానేస్తున్నావు. ఉన్నవాళ్ళు డబ్బిచ్చి మరీ పస్తులుంటారు. ఆ జబ్బు కూడా కోటుతోపాటే అంటిందన్నమాట.

మీ అత్తయ్య నీ ఉత్తరం చదివి, "పిల్లాడు చిక్కాడండీ, వెళ్ళి చూసి రండి" అంటోంది. యాదన్నను అడిగాను. "ఎప్పుడు మాస్కే ఉంటది సార్ మూతికి, మొకం ఏడ కనవడ్తది?" అన్నాడు. మెస్ తిండికి ఎవడూ రెండంగుళాలు తగ్గడని నేను అత్తయ్యకు తేల్చి చెప్పాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రెండో కొలత నేను లెక్కలోకి తీసుకోలేదు. నిలబడి, నిండుగా ఊపిరి పీల్చి కొలిపించుకున్న ముప్పై ఎనిమిదికే కుట్టాను. నలభై ఏళ్ళ కిందటే కత్తెర పట్టినవాణ్ణి, నా మాట నమ్ము. చేతులు అర అంగుళం మడిచాను, చొక్కా అంచు కోటు కింద సన్నగా కనబడుతుంది. మీ తాతయ్య మిషన్ మీదే కుట్టాను. చాలా ఏళ్ళ తర్వాత దానికి నూనె పోశాను.

కోటు బాగుంది. ఆ పోస్టు మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

హరినాథ్

●

కాజీపల్లి,
1 సెప్టెంబర్ 2024.

మామయ్యా,

వరసగా అన్నీ చెబుతాను. అడ్డం రాకుండా చదువు.

కోటు భుజం దగ్గర నాదే. భుజం కింద నాది కాదు. హ్యాంగరుకు తగిలించినట్టు వేలాడింది. ఇంటర్వ్యూ రోజు పొద్దున రాహిల్ చూసి, "ఇంకొకడు గూడ పడ్తడు భాయ్ ఇండ్ల" అన్నాడు. చాచా దుకాణంలో బొమ్మలకు వెనకాల బిగిస్తారు చూడు, అలా తూకం గదిలో కాగితాలకు పెట్టే నల్ల క్లిప్పులు నాలుగు తెచ్చి వీపు మీద కోటు మడిచి పెట్టాడు. ముందు నుంచి చూస్తే చక్కగా ఉంది. కుర్చీకి ఆనుకుంటే క్లిప్పులు గుచ్చుకుంటాయని నిటారుగా కూర్చున్నాను. ముగ్గురు అడిగారు, అన్నిటికీ చెప్పాను. లేచి వచ్చేటప్పుడు వాళ్ళకు వీపు కనబడకూడదు. ఏం చెయ్యాలో తోచక తలుపు దాకా వెనక్కి నడిచాను. వాళ్ళు అది వినయం అనుకున్నారు. అందులో ఒకావిడ నవ్వి తల ఊపింది.

సెలక్టయ్యాను మామయ్యా. సాయంత్రమే ఫోన్ చేసి చెప్పారు.

పర్మినెంటు పోస్టుకు మెడికల్ ఉంటుంది. ఇరవై తొమ్మిదిన వెళ్ళాను. ఎక్స్‌రే తీశారు. తర్వాత మళ్ళీ తీశారు. రెండు ఊపిరితిత్తులూ కింది భాగంలో గట్టిపడిపోయాయట. ఎన్నాళ్ళుగా దగ్గని అడిగారు. ఫిబ్రవరి నుంచి అని చెప్పాను. హెచ్‌ఆర్ ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. పర్మినెంటుకు నేను పనికిరానట. "కాంట్రాక్టుకు మెడికల్ అవసరం లేదు కాబట్టి, కావాలంటే మీరు మిల్లింగ్ బ్లాకులోనే కంటిన్యూ కావచ్చు" అన్నాడు.

ఆ పొడి నుంచి బయటపడటానికే ఆ కుర్చీ అడిగాను మామయ్యా. వాళ్ళవాణ్ణి కావడానికి కాదు. అరవై మందితో కలిసి అడగడం తప్పని ఎప్పుడూ అనుకోలేదు, అంతదాకా నిలుస్తానన్న నమ్మకం లేకపోయింది. నీకు చెబితే మర్నాడే నీ యూనియన్ వాళ్ళతో వచ్చి మా గేటు ముందు మైకు పట్టుకుంటావు. ఆ సాయంత్రానికే కాంట్రాక్టరు నా పేరు కొట్టేస్తాడు, ఇంటర్వ్యూ ఉండదు. ఆగస్టు దాటేదాకా ఆగుదామనుకున్నాను.

ఉత్తరాల సంగతి కూడా చెప్పేస్తాను. ఉగాది గొడవ సాకు. ఫోన్‌లో అయితే నా దగ్గు నీకు వినబడేది.

ముప్పై ఆరున్నర నిజమే. రాహిల్ టేపు కొత్తది. ఇప్పుడు ముప్పై అయిదు కూడా లేదు.

తిట్టకు. రేపు నన్ను ఛాతీ ఆసుపత్రిలో చేర్పించడానికి రాహిల్ సెలవు పెట్టాడు. వస్తావు కదా.

సాయి

●

సంగారెడ్డి,
17 సెప్టెంబర్ 2024.

సాయీ, నాన్నా,

పదిహేను రోజులుగా రోజూ నీ మంచం పక్కనే కూర్చుంటున్నాను. బస్సు ఆలస్యం గురించి, వార్డులో ఫ్యాను గురించి, పక్క బెడ్డాయన గురక గురించి మాట్లాడుతున్నాను. చెప్పాల్సింది మాత్రం నోటికి రావడం లేదు. మనకు కాగితమే అలవాటైంది. అత్తయ్య ఈ ఉత్తరం తెస్తుంది. నేను సాయంత్రం వస్తాను. నేను వచ్చేలోపు చదివెయ్యి.

ఎర్రదారం కథ నీకు రాసింది నేనే. తేదీ వేసి, సంతకం పెట్టి మరీ రాశాను. ఆ కార్డులో రెండు వరసలూ నా చేతికి నువ్వే పంపావు. ముప్పై ఎనిమిది, ముప్పై ఆరున్నర. చదువు లేని దర్జీ ఒక్క అంగుళానికి కత్తెర కింద పెట్టేవాడు. చదువుకున్న కొడుకు అంగుళంన్నర చూసి టేపును తిట్టాడు, రాహిల్‌ను తిట్టాడు, నిన్ను తిట్టాడు. వాళ్ళు టేపు కొనలేదని కరపత్రం చదివినంత గొంతుతో అరిచాను కదా. నా దగ్గర టేపు ఉంది. కొలత ఉంది. నేను కోరుకున్న అంకెనే నమ్మాను. మెడికల్ అవసరం లేదన్న ఆ పెద్దమనిషికీ నాకూ తేడా ఏమిటని ఈ పదిహేను రోజులూ నాతో నేనే వాదించుకుంటున్నాను. గెలవలేకపోతున్నాను.

అత్తయ్యకు క్షమాపణ చెప్పాను. ఆవిడ, "నాకెందుకండీ, వాడికి చెప్పండి" అంది. ఆడవాళ్ళ మాట వినాలని ఊరూరా మీటింగుల్లో చెప్పినవాణ్ణి, ఇంట్లో ఒక్కసారి విని ఉంటే జూలైలోనే నీ గది తలుపు కొట్టేవాణ్ణి.

పెద్ద డాక్టరుతో మాట్లాడాను. ఏ పొడి వల్ల వచ్చిందో కాగితం మీద రాసిమ్మన్నాను. రాయనన్నాడు. దానికి పోట్లాడాను, మళ్ళీ పోట్లాడతాను, అది వేరే. ఇక మన మధ్య దాపరికం వద్దు కాబట్టి ఇది దాచను. "గట్టిపడిన భాగం మళ్ళీ మెత్తబడదు. మిగిలింది కాపాడుకోవాలి. పొడి దరిదాపులకు వెళ్ళకూడదు. ఒళ్ళు మాత్రం కొంత తిరిగి రావచ్చు" అన్నాడు. ఎంత రావచ్చు అని అడిగాను. చెప్పలేమన్నాడు. "సరే డాక్టరుగారూ" అని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

నిన్న నీకు టేపు పెట్టాను గుర్తుందా. నువ్వు దగ్గు ఆపుకుని నవ్వి, "టేపు సాగిందేమో చూడు మామయ్యా" అన్నావు. ఆ మాట నాకు పడాల్సిందే. అన్నావు, బాగుంది.

ఇవాళ విశ్వకర్మ పూజ. పొద్దున మీ తాతయ్య పెట్టె తీశాను. అడుగున రాయని కార్డులు ఇంకా ఉన్నాయి, అంచులు పసుపెక్కాయి. ఒకటి తీసి నీ పేరు రాశాను. జూన్, ముప్పై ఎనిమిది. జూలై, ముప్పై ఆరున్నర. సెప్టెంబర్, ముప్పై నాలుగు. మూడు వరసలూ నా చేతివ్రాతే. చిల్లులో ఎర్రదారం ముడేశాను. జూలైలో వెయ్యాల్సిన ముడి.

తర్వాత రాహిల్ తెచ్చిచ్చిన నీ కోటు కుట్లు విప్పాను. క్లిప్పులు కొరికిన గుర్తులు వీపు మీద నాలుగున్నాయి. ఇస్త్రీ చేసినా పోలేదు. ముప్పై నాలుగుకు తగ్గించి మళ్ళీ కుట్టాను. లోపల చాలా గుడ్డ మిగిలింది. అంత గుడ్డ లోపల ఉంటే కోటు ఉబ్బుతుంది, కోసెయ్యాలి. ఏ దర్జీ అయినా కోస్తాడు. కత్తెర తీశాను, మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, ఏమనుకోకు. పెద్ద పెద్ద కుట్లు వేశాను, ఒక్క దారం లాగితే విడిపోయేలా.

నెల నెలా కొలుస్తాను. ఈసారి వచ్చిన అంకెనే రాస్తాను.

నీ మామయ్య